గుడారాల కాలం

ఒంగోలు, కనిగిరి, కావలి, దొనకొండ వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్ కాంపౌండ్లలో ఏడాది మొదలయ్యేది బంగళా వెనక గోడౌను తలుపులు బార్లా తీసిన రోజున. నవంబరు వానలు వెలిసి రెండు మూడు గట్టి ఎండలు కాశాక, దూలాలకు వేలాడగట్టిన గుడారాల చుట్టలు దించి మైదానంలో పరిచేవాళ్ళు. ముక్కిన గుడ్డ వాసన, ఎండిన వేపాకు వాసన కలిసి కాంపౌండంతా కొట్టేది. మిషనరీ దొరగారు క్యాంపుకు, అంటే గుడారాలతో ఊళ్ళ మీద తిరగడానికి, బయల్దేరుతున్నారని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇది స్వతంత్రం వచ్చిన చుట్టుపక్కల సంవత్సరాల ముచ్చట. అంతకు ముందుది బండ్లు తోలినవాళ్ళు, బంగళాలో వండినవాళ్ళు చెప్పుకోగా మిగిలింది. పెద్ద దొరగారు, పెద్ద దొరసానమ్మగారు అంటే పాతిక ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న జంట. పిల్లలు కొడైకెనాల్ బడి ముగించి కాలేజీ చదువులకు అమెరికా వెళ్ళిపోయి ఉండేవాళ్ళు. కొత్తగా దిగిన చిన్న దొరలు తెలుగు నేర్పే మున్షీ దగ్గర ఇంకా ‘ణ’, ‘ళ’ పలకడం దగ్గరే ఉంటే, ఊళ్ళ మీద తిరిగే భారమంతా ఈ పెద్దజంటదే. బయటివాళ్ళు దాన్ని షికారనుకునేవాళ్ళు. దగ్గరగా చూసినవాళ్ళకు మాత్రం అది వారానికో కొత్త ఊళ్ళో పెళ్ళి చేసినంత పని. ఆ పనిలో పేరు దొరగారిది, లెక్క దొరసానమ్మగారిది, ఒళ్ళు హూనమయ్యేది వంటవాడికీ బండివాళ్ళకూ.

ముందు ఎర్రనేల ఊళ్ళు, రాతినేల ఊళ్ళు చూసుకొని, రేగడి ఊళ్ళు సంక్రాంతి దాటాక పెట్టుకునేవాళ్ళు. తడి రేగడిలో బండి దిగిందంటే చక్రం చుట్టూ మట్టి పట్టి ఇంకో చక్రమంత అవుతుంది. ఎంత ఒంగోలు గిత్తలైనా అక్కడ నిలబడిపోవాల్సిందే. కర్రతో మట్టి గీకుతూ, పది బారలు నడిపి మళ్ళీ గీకుతూ పోతే తెల్లారేసరికి రెండు మైళ్ళు కూడా సాగదు. ఎండిన దారిలో బరువు బండి గంటకు రెండు మైళ్ళు, మహా అయితే రెండున్నర. అందుకే రాత్రి భోజనాలయ్యాక కట్టి తెల్లారేలోపు పది పన్నెండు మైళ్ళు తోలేవాళ్ళు. పగలు తోలితే ఎద్దులు వగరుస్తాయి, దొరసానమ్మగారి వెన్న కరిగిపోతుంది.

కందెన సంగతి చెప్పాలి. వరిగడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి, వేలికి జారకుండా పట్టేంత చిక్కగా చేసి, బండి కింద వెదురు గొట్టంలో కట్టుకునేవాళ్ళు. బయల్దేరేముందు సీల తీసి, చక్రం కాస్త బయటికి లాగి, ఇరుసుకు చుట్టూ పూయాలి. పల్చగా ఉంటే నాలుగు మైళ్ళకే కారిపోయి ఇరుసు కీచుమంటుంది. ఆ కీచు విని కూడా తోలితే ఇరుసు అరిగి, సందు పెరిగి, చక్రం వాలుతుంది. సీల మళ్ళీ పెట్టడం మరిచిపోయిన బండి గతి వేరే చెప్పాలా.

బండ్లు మామూలుగా నాలుగు. ఒకటి గుడారాలది, ఒకటి పెట్టెలది, ఒకటి వంటది, ఒకటి మనుషులు పడుకొని పోవడానికి గడ్డి పరిచిన గూడుబండి. తెలివైన జంటలు గుడారాలు రెండు జతలు ఉంచుకునేవాళ్ళు. ఒక జతలో వీళ్ళుంటే రెండోది తరవాతి ఊరికి ముందే పోయి నిలబడి ఉండేది. వంటబండి అన్నిటికన్నా ముందు కదలాలి. దొరగారు దిగేసరికి నీళ్ళు కాగి ఉండకపోతే ఆ పూట ప్రార్థన కూడా కాస్త పొట్టిదయ్యేదని వంటవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

గుడారం ఎక్కడ వేయాలన్నదాంట్లోనే సగం క్యాంపు. మామిడితోపు మొదటి ఎంపిక. తాటితోపులో వేస్తే మట్టలు, కాయలు పైన పడతాయి. చెరువు గట్టు కిందైతే దోమలు. కానీ నీడకన్నా పెద్ద చిక్కు బావిది. ఊరి బావిలో పల్లెవాళ్ళను, అంటే ఊరి బయటి మాల మాదిగ వాడలవాళ్ళను, చేద వేయనిచ్చేవాళ్ళు కాదు. క్యాంపుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పల్లెవాళ్ళే. ఊరి బావి నీళ్ళు తెప్పించుకుంటే క్యాంపులో కుండ ముట్టుకునే విషయంలో పేచీ వస్తుంది. పల్లె గుంట నీళ్ళు తాగితే రోగమొస్తుంది. అనుభవమున్నవాళ్ళు ఊరికీ పల్లెకూ మధ్య, పొలంలో దిగుడుబావి ఉన్న రైతుతో ముందే మాట్లాడుకొని అక్కడ దిగేవాళ్ళు. ఇరుపక్కలవాళ్ళూ మొహమాటం లేకుండా వచ్చేది అలాంటి చోటికే. మూడేళ్ళు వరసగా అదే తోపు అడిగితే రైతే కబురు పంపేవాడు, ఈ ఏడు ఎప్పుడొస్తారని.

నీళ్ళకు చిల్లగింజ. కుండ లోపలి అంచున గింజను గరుకు రాయి మీద అరగదీసినట్టు కాసేపు రుద్ది నీళ్ళు పోసి కదపకుండా ఉంచితే బురద అడుక్కు దిగుతుంది. గింజ దొరక్కపోతే పటిక. పటిక ఎక్కువైతే టీ రుచి చెడుతుంది. తేరిన నీళ్ళు వడగట్టి తెర్లకాగనిచ్చి మూతపెట్టిన కూజాల్లోకి. తేటగా ఉన్నాయి కదా అని మరిగించకుండా తాగినవాళ్ళే మంచం పట్టేవాళ్ళు. తేటదనం వేరు, శుభ్రం వేరు.

గుడారం వేసే పని నలుగురిది. నిట్రాడలు నిలబెట్టి, మూలల తాళ్ళు ముందు కట్టి, పక్కతాళ్ళు తరవాత బిగించాలి. రెండు పొరల గుడారమైతే పొరల మధ్య జానెడు ఖాళీ ఉండాలి. ఆ గాలే లోపలి వేడి తగ్గిస్తుంది. రెండు గుడ్డలూ అంటుకుంటే ఒక్కపొర గుడారంతో సమానం, మంచు కూడా లోపలికి కారుతుంది. పగలు సితారు తీగల్లా బిగించిన తాళ్ళు రాత్రి అలాగే వదిలేస్తే మంచుకు నాని, కుంచించుకుపోయి, తెల్లవారుజామున మేకులు పెళ్ళగించేవి. లేకపోతే గుడ్డ కుట్ల దగ్గర చిరిగేది. పడుకోబోయే ముందు కావలివాడు చుట్టూ తిరిగి తాళ్ళన్నీ ఇంత వదులు చేయాలి, పొద్దెక్కాక మళ్ళీ బిగించాలి. రేగడిలో ఇనుప మేకు నిలవదు. నేల బీటలిచ్చి ఉంటుంది కాబట్టి మూరెడు పొడవు తుమ్మ మేకులు, తాడుకు ఎదురువాలుగా, బీటకు దూరంగా కొట్టేవాళ్ళు. చుట్టూ బెత్తెడు లోతు కాలవ తవ్వడం వాన రాదనుకున్న రోజున కూడా తప్పదు. వాన వచ్చేది ఆ రోజే.

లోపల మంచం కోళ్ళ కింద నీళ్ళు పోసిన డబ్బాలు, చీమలు ఎక్కకుండా. పెట్టెల కింద ఇటుకలు. రెండు రాత్రులు నేల మీద ఉన్న పుస్తకాల పెట్టెకు చెదలు పట్టడం ఖాయం.

దొరసానమ్మగారి డబ్బాలంటే ఖాళీ కిరసనాయిలు డబ్బాలు. పైభాగం కోసి, మూత చేయించి, నంబర్లు వేయించేవారు. ఏ నంబరులో ఏముందో నోటుబుక్కులో ఉండేది. గోధుమపిండి, చక్కెర, వోట్స్, టీ, కొవ్వొత్తులు, క్వినైన్, గంధకం, పాతగుడ్డల పట్టీలు. అన్నిట్లోకీ ముఖ్యమైనది రొట్టె డబ్బా. డబ్బా పడుకోబెట్టి అడుగున ఇసుక పరిచి, పళ్ళెం ఇటుక ముక్కల మీద ఎత్తుగా పెట్టి, కింద నిప్పులు కొంచెం, పైన నిప్పులు ఎక్కువ. అడుగు మాడి పైన పిండి మిగిలిందంటే ఇసుక పల్చనయిందని. డబ్బా వేడి చూడటానికి లోపల ఓ కాగితం ముక్క వేసేవాళ్ళు. నల్లబడితే వేడెక్కువ, తెల్లగానే ఉంటే తక్కువ, లేత బంగారు రంగుకు తిరిగితే రొట్టె పెట్టొచ్చు. పిండి పులియడానికి మాత్రం చాలామంది వంటవాళ్ళు వాడింది తెల్లవారుజామున దింపిన కల్లే. కల్లు మానండని రాత్రి సభలో గట్టిగా చెప్పిన దొరగారు పొద్దున అదే రొట్టెకు గోంగూరకాయల జామ్ పూసుకొని తినేవారు. ఎర్ర గోంగూరకాయ రేకులు ఉడికించి చక్కెర పోస్తే అమెరికాలో వాళ్ళు తినే క్రాన్‌బెర్రీలాగే ఉంటుందట.

క్యాంపులో పగటిపూట మనుషులు దొరకరు. కోతలు, నూర్పిళ్ళు, కూలి. కాబట్టి పగలు దొరగారు బడి చూసుకోవడం, రిజిస్టర్లు, పాస్టరుగారితో సంఘపు తగాదాలు. దొరసానమ్మగారు, బైబిలు స్త్రీలు (ఇళ్ళకు పోయి బైబిలు చెప్పే తెలుగు ఆడవాళ్ళు) గుడారం ముందు పొద్దుటి వైద్యం పెట్టేవాళ్ళు. గజ్జికి గంధకం కొబ్బరినూనెలో కలిపి ఇచ్చేవాళ్ళు. ఇవ్వడంతో పని తీరదు, ఇంట్లో అందరూ ఒకే రోజు పూసుకోవాలి, గుడ్డలు ఉడకబెట్టాలి. ఒక్క పిల్లాడికి పూస్తే వారానికి మళ్ళీ అంటుకుంటుంది. ఈ మాట పాట కట్టి చెప్పిన బైబిలు స్త్రీలు ఉండేవాళ్ళు. మందుకన్నా ఆ పాటే పనిచేసిందని నా నమ్మకం.

రాత్రి సంగతి వేరు. పెట్రోమాక్స్ వెలిగిందంటే చుట్టుపక్కల మూడు ఊళ్ళు కదిలేవి. వెలిగించడం ఒక విద్య. కొత్త మ్యాంటిల్ (వెలుగిచ్చే జాలిగుడ్డ సంచి) కట్టి, ముడతలు సమంగా సర్ది, ముందు దాన్ని పూర్తిగా కాల్చాలి. తరవాత చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి ముట్టించి, అది దాదాపు ఆరిపోయేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు పంపు కొట్టాలి. తొందరపడితే గొట్టం వేడెక్కక కిరసనాయిలు ఆవిరి కాదు, పచ్చినూనె పైకి తన్ని మంట ఎగిసి మ్యాంటిల్‌కు మసి పడుతుంది. వెలుగు కొట్టుకుంటుంటే సన్నరంధ్రంలో నలుసుందన్నమాట, పిన్నుతో పొడవాలి. ఇక కాల్చిన మ్యాంటిల్ బూడిదతో సమానం. బండి ఒక్క గతుకులో పడితే రాలిపోతుంది. అందుకే ఊరికో కొత్తది లెక్కేసుకొని పెట్టుకునేవాళ్ళు. పురుగుల బాధకు దీపాన్ని సభకు దూరంగా, నీళ్ళ పళ్ళెం మీదుగా వేలాడదీసేవాళ్ళు.

లాంతరు బొమ్మల రోజైతే, అంటే గాజు పలకల మీది బొమ్మలు దీపంతో తెర మీద చూపించే రోజైతే, పెట్రోమాక్స్ ఆర్పేయాలి. గాజు పలకలు నాలుగంగుళాల పొడవు, మూడుంబావు అంగుళాల వెడల్పు. వాటిని తలకిందులుగా పెడితేనే తెర మీద నిటారుగా కనబడుతుంది. తడబడితే మోషే తలకిందులై జనం గొల్లున నవ్వేవాళ్ళు. పాత లాంతర్లకు కార్బైడ్ గ్యాసు. కార్బైడ్ మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడాలి. ఎక్కువ పడితే గ్యాసు తన్నుకొచ్చి మంట పొగచూరుతుంది, వెల్లుల్లి కంపు కొడుతుంది. చలికాలపు రాత్రి చల్లటి గాజును వేడి లాంతరులో ఒక్కసారిగా దూరిస్తే టప్పున పగులుతుంది. వరసలో తరవాత రావాల్సిన పలకల్ని లాంతరు పక్కనే పేర్చి కాస్త వెచ్చబడనిచ్చేవాళ్ళు. తెర అంటే మల్లు దుప్పటి. దాన్ని నీళ్ళతో తడిపి కడితే తెర వెనక కూర్చున్నవాళ్ళకు కూడా బొమ్మ కనబడుతుంది. ఊరివాళ్ళు తెరకు ఒక పక్క, పల్లెవాళ్ళు ఇంకో పక్క కూర్చోవాలనుకునే చోట ఈ తడిగుడ్డ చాలా చిక్కులు తప్పించింది. అది మంచికో చెడుకో ఎవరికివారే చెప్పుకోవాలి. కొందరు దొరలు కావాలనే దుప్పటి తడపకుండా అందరినీ ఒకే పక్కకు రమ్మనేవాళ్ళు. జనం సగమయ్యేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధం తరవాత జీపులొచ్చాయి, జీపు బ్యాటరీతో ఫిల్మ్‌స్ట్రిప్ ఆడించారు. పగిలే గాజు బెంగ పోయింది.

క్యాంపు చివర బాప్తిస్మాలు. ముందురోజే ఒకరు గెడ పట్టుకొని చెరువులో దిగి అడుగు చూసి రావాలి. గట్టినేల, నడుము లోతు, గుంటలు లేని చోట రెండు కర్రలు పాతేవాళ్ళు. ఆడవాళ్ళు చీరలు మార్చుకోవడానికి గట్టున డేరా గుడ్డతో చాటు. ఈ ఏర్పాట్లలో ఒంగోలువాళ్ళకు పెద్ద ఒరవడి ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరిద్దరు నీళ్ళలో నిలబడి, అలిసినప్పుడు మారుతూ. అప్పటి ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు నీళ్ళలో దిగలేదు. 1876 నుంచి పట్టిన కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపించినాయన ఆయనే. కరువుకూలి జరిగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపారు. ఆ రేవు చూడటానికి కొత్త దొరలను తీసుకెళ్ళడం పెద్దజంటలకు ఆనవాయితీ.

క్రిస్మస్‌కు క్యాంపులు ఆపి అందరూ కాంపౌండుకు చేరేవాళ్ళు. కొడైకెనాల్ బడికి పెద్ద సెలవులు చలికాలంలోనే కాబట్టి చిన్న దొరల పిల్లలు కూడా దిగేవాళ్ళు. చెట్టు అంటే సరుగుడు కొమ్మ, ఇసుక నింపిన డబ్బాలో. వెదురుబద్దల నక్షత్రానికి రంగుకాగితం అంటించి లోపల దీపం పెట్టేటప్పుడు పైకొసన చిల్లు వదలాలి, లేకపోతే వేడికి కాగితం అంటుకుంటుంది. అమెరికా సంఘాల ఆడవాళ్ళు పంపిన వైట్‌క్రాస్ పెట్టెలు అప్పుడే విప్పేవాళ్ళు. పట్టీలు, పక్కదుప్పట్లు ఆసుపత్రికి, బొమ్మలు పిల్లలకు, వాడేసిన క్రిస్మస్ కార్డులు ఆదివారపు బడి బహుమానాలకు. కార్డు వెనక రాతను దొరసానమ్మగారు తెల్లకాగితం అంటించి మూసేవారు. తెల్లవార్లూ పాటలు పాడుతూ తిరిగే గుంపులు చివరికి బంగళా మెట్ల దగ్గరికి చేరేసరికి అక్కడ పెద్ద గంగాళంలో కాఫీ ఉండాలి. పాల లెక్క ఎప్పుడూ తప్పేది.

జనవరి 1న నిమ్మకాయలు. పాస్టర్లు, టీచర్లు, బండివాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో కాయ చేతిలో పెట్టి నమస్కారం చేసేవాళ్ళు. మధ్యాహ్నానికి బుట్టలు నిండేవి, సాయంత్రం నుంచి ఊరగాయ పని. ఒంగోలులో మాత్రం దానికి ముందు, చీకటి ఉండగానే కొండ ఎక్కడం. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీలు జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగువాళ్ళు ఆ కొండ మీద ప్రార్థన చేశారు. నెల్లూరు మిషన్‌ను మూసేయాలా అని అమెరికాలో చర్చ నడుస్తున్న రోజులవి. ఒంగోలుకు ఎవరినైనా పంపమని అడిగారు. క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చింది 1866లో. కొండ పెద్దది కాదు గానీ మంచుకు రాళ్ళు జారతాయి. ముసలి దొరసానమ్మలు బూట్లు విప్పి మేజోళ్ళతో ఎక్కడం అందుకే.

పంటల పండుగ నాడు గుడి (చర్చి) ముందు అరుగు మీద ధాన్యం, గుమ్మడికాయలు, గుడ్లు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఏడాది పొడుగునా అన్నం వండేటప్పుడల్లా ఆడవాళ్ళు తీసిపెట్టిన పిడికెడు బియ్యం కూడా ఆ రోజే కొలిచేవాళ్ళు. సోల, తవ్వ, మానిక, కుంచం లెక్కన ఏ పల్లె ఎంతో చదివేవాళ్ళు. తరవాత వేలం. పాడినవాడు కోడిని మళ్ళీ గుడికే ఇచ్చేసేవాడు, మళ్ళీ వేలం. ఒకే పుంజు నాలుగుసార్లు అమ్ముడుపోవడం మామూలు. వేలం పొద్దున పెట్టాలి. మధ్యాహ్నం దాటితే కోళ్ళు ఎండకు వడలిపోతాయి, కొనేవాళ్ళు కూడా.

ఏప్రిల్ వచ్చిందంటే ఎండలకు కొండ ఊళ్ళకు. కొందరు కూనూరు, ఎక్కువమంది కొడైకెనాల్. మధుర (మదురై) అమెరికన్ మిషన్‌వాళ్ళు రోగాల బాధకు 1845లో అక్కడ మొదటి బంగళాలు కట్టారు, 1901లో బడి వచ్చింది. పెద్ద రైల్లో మద్రాసు సెంట్రల్‌లో దిగి, సామానంతా ఎగ్మూరుకు చేరేసి, మీటరుగేజి బండెక్కి, కొడైకెనాల్ రోడ్డులో దిగి, యాభై మైళ్ళు ఘాట్ బస్సు. పోయే సామాన్లు దాదాపు అన్నీ ఎగ్మూరు మార్పిడిలో పోయినవే. ఏడువేల అడుగుల ఎత్తున గుంటూరు లూథరన్లు, మధురవాళ్ళు, మనవాళ్ళు కలిసి టెన్నిస్, పడవ షికార్లు, బెరిజం చెరువుదాకా నడకలు. ఆ నెలన్నరా ఇక్కడ బంగళా మూతపడి ఉండేది. పుస్తకాల అలమర్లో వేపాకు, నాఫ్తలీను ఉండలు వేసి, అలమర కాళ్ళకు కిరసనాయిలు పూసి పోకపోతే జూన్‌లో తిరిగొచ్చేసరికి చెదపుట్ట.

పెద్దజంట శాశ్వతంగా వెళ్ళిపోయే ఏడు సన్మానపత్రం, చామంతి దండలు, గ్రూప్ ఫొటో అన్నీ ఉండేవి. కానీ జనం గుర్తుపెట్టుకున్నది ఆ తరవాతి వేలం. వరండాలో మంచాలు, దోమతెరలు, గాజుసీసాలు, కుట్టుమిషను, ఐరన్ మడతకుర్చీలు వరసగా పెట్టి నంబరు చీటీలు అంటించేవాళ్ళు. పెట్రోమాక్స్ గుడికి, మంచాలు ఆసుపత్రికి ముందే తీసిపెట్టేవాళ్ళు. రొట్టె డబ్బాకు ఎవరూ పాడరు, అది వంటవాడిది. పాతబడ్డ గుడారం మాత్రం గట్టి ధర పలికేది. రెండో పొర మంచి గుడ్డ కాబట్టి నూర్పిడి కళ్ళాల మీద కప్పడానికి రైతులు పోటీపడి కొనేవాళ్ళు.